పదోవంతు

మొదట భుజం.
పీతల ఫ్యాక్టరీలో పదహారేళ్లు
మంచునీళ్లలోంచి తీసి కాళ్లు విరిచి విరిచి
ఒక ఏప్రిల్ పొద్దున అది చిట్లింది.
ఆపరేషనయ్యాక చేతిలో ఓ సీసా పెట్టి
ఆరు వారాలే అన్నారు.
ఏడేళ్లయింది.

గాయం మానింది.
మందు మానలేదు.

పొద్దున ఎనిమిదికొకటి, రాత్రి ఎనిమిదికొకటి.
ఆలస్యమైతే ఒళ్లే గంట కొట్టేది.
నొప్పికి వేసుకుంటున్నానో
వేసుకోకపోతే వచ్చే నొప్పికి వేసుకుంటున్నానో
చాలాకాలం నేనూ అడగలేదు, ఎవరూ అడగలేదు.

లేగోస్ నుంచి వచ్చిన కొత్త డాక్టరు ఒగున్‌లే,
మా న్యూఫౌండ్‌లాండ్ గాలికి
ఇంకా రెండు స్వెటర్లు తొడుక్కునే మనిషి,
తెల్లకాగితం మీద మెట్లు గీశాడు.
నెలకి పదోవంతు.
"తొందర లేదు వెర్నా. ఉన్నపళాన మాత్రం ఆపకు."
దొంగని చూసినట్టు చూస్తాడనుకుని
తిట్లు సిద్ధం చేసుకుని వెళ్లాను.
అవన్నీ కోటు జేబులోనే మిగిలిపోయాయి.

పదోవంతంటే ఎంతో కాగితం మీద తెలీదు.
మంగళవారం రాత్రి తెలుస్తుంది.
ముందు ఆవలింతలు, దవడ ఊడొచ్చేలా.
తర్వాత ముక్కు, కళ్లు.
చర్మమంతా ఈకలు పీకిన కోడి.
కాళ్లు మటుకు నావి కావు,
నన్నిక్కడ వదిలేసి దుప్పటి కింద
ఎవరింటికో నడిచి పోతుంటాయి.

లార్న్ లేచి కెటిల్ పెడతాడు.
పొగమంచులో ముప్ఫై ఏళ్లు పడవ నడిపినవాడు,
కనపడని వాటిని ఏమీ అడగడు.
తెల్లవారుజాము మూడింటికి వంటింట్లో పేకాట.
ఓడితే ఏడుస్తాను. గెలిచినా ఏడుస్తాను.
ఒకసారి టీవీలో రొట్టె ప్రకటన చూసి ఏడ్చాను.
ఏడేళ్ల ఏడుపు ఎక్కడో దాచిపెట్టి
ఇప్పుడు వడ్డీతో సహా తిరిగిస్తున్నట్టున్నారు.

మందుల షాపులో మెర్సీడీస్ హిస్కాక్
వారానికి సరిపడా అట్టమీద అంటించి
గొంతు తగ్గించి అందిస్తుంది.
గట్టిగా మాట్లాడు మెర్సీ,
పోయింది భుజం, చెవులు కాదు.

ఎవరికీ చెప్పనిదొకటుంది.
ఆవాల డబ్బాలో పదకొండు పాతవి.
ఫిబ్రవరి తుఫానుకి కరెంటు పోయిన రెండో రాత్రి
చీకట్లో మూత తీసిన చప్పుడు
ఇల్లంతా విన్నట్టే అనిపించింది.
రెండు వేసుకున్నాను.
బాగుంది. అబద్ధం ఎందుకు, బాగుంది,
చలిలో ఎవరో కోటు కప్పినట్టు.
ఆ కోటు ఎవరిదో కూడా తెలుసు.

మర్నాడు డాక్టరుకి చెప్పాను, నేల చూస్తూ.
ఆయన పెన్ను మూత పెట్టలేదు, ముఖం మార్చలేదు.
మళ్లీ ఇలాగైతే ముందు ఫోన్ చెయ్యి అన్నాడు,
రాత్రయినా సరే.
"ఈ మెట్టు మీదే ఉందాం, ఎనిమిది వారాలు."
అంటే ఓడిపోయినట్టేనా?
"మెట్టు మీద నుంచున్న మనిషిని
కింద పడ్డాడంటామా?"

మిగిలినవి మెర్సీడీస్ బల్లమీద ఒంపాను.
వేలితో జరుపుతూ లెక్కపెట్టి
"తొమ్మిది!" అంది,
షాపంతా తిరిగి చూసేంత గట్టిగా.
ఇద్దరం నవ్వాం, ఎందుకో.

జూలైలో కేపెలిన్ చేపలు ఒడ్డుకొచ్చాయి.
వాటి కంపు కిటికీలోంచి ఒక్కసారి కొడితే
గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.
ఇన్నేళ్లూ ఈ వాసన ఎటు పోయింది?
నొప్పి కూడా వచ్చింది, సొంత పేరుతో.
నేను భయపడినంత పెద్దది కాదు.
చిన్నదీ కాదు.
ఎడమచేత్తో నాలుగు బట్టలారేసి
ఐదోది బుట్టలోనే వదిలేశాను,
లార్న్ చొక్కాయే, వాడు ఆరేసుకుంటాడు.

ఇంకా మూడో నాలుగో మెట్లు.
అవసరమైతే మళ్లీ గీస్తానన్నాడు.
ఫ్రిజ్ మీది కాగితం మడతల దగ్గర చిరిగింది.
ఇవాళ టేపు అంటించాను.